గోదావరిలోఁ బడిన చింతామణి

తెలుఁగు వ్యాకరణము నభ్యసించిన పండితులలో నన్నయభట్టారకుఁడు భారతమునకే గాక వ్యాకరణమునకును గర్త యని నమ్మనివారు పందొమ్మిదవ శతాబ్ది తుది వఱకు నరుదు. ఆ వ్యాకరణము పేరు ఆంధ్రశబ్దచింతామణి. సంస్కృతభాషలో నార్యావృత్తములతో రచింపఁబడి, సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యను నైదు పరిచ్ఛేదములుగా నున్న చిన్న గ్రంథ మది. ఆర్యల సంఖ్య యించుమించుగా నెనుబది. ఒక్క పూటలోఁ జదివి ముగింపఁదగిన యీ పుస్తకము రెండున్నర శతాబ్దుల కాలము తెలుఁగు కవుల తప్పొప్పులకుఁ దీర్పరియై నిలిచినది. ఒక ప్రయోగము నసాధు వని యొకఁ డనఁగా నేల యని వేఱొకఁ డడిగినచో, నన్నయసూత్ర మనుటతో వాదము ముగియుచుండెను. ఆదికవి స్వయముగా విధించిన శాసనమునకుఁ బైమాట యెవ్వఁడు చెప్పఁగలఁడు?

అయితే యా శాసన మాదికవి విధించినది కాదు. నన్నయ కాలమునుండి చింతామణికి వ్యాఖ్య వెలసిన కాలము వఱకు దాదా పాఱు శతాబ్దులు గడచినవి. ఇంత దూరమును దాఁటుటకుఁ బండితులకు వంతెనయైనది యొక కథ. ఆ కథలో నొక గ్రంథచౌర్యము, ఒక నదీపాతము, కాలుసేతులు ఖండింపఁబడిన యొక రాజకుమారుఁడు, ఒక సిద్ధుఁడు, ఒక స్వప్నము గలవు. వ్యాకరణశాస్త్రమున నొక్క మాత్ర తగ్గినను సహింపని పండితులు ఈ కథ నంతటిని నవ్వక నమ్మిరి. వా రేల నమ్మిరో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

కథను విస్తరించి చెప్పినవాఁడు కాకునూరి అప్పకవి. అతఁడు తన లక్షణగ్రంథమును 1656 ప్రాంతమున నారంభించెను. విష్ణువు స్వప్నమునఁ బ్రత్యక్షమై నన్నయ వ్యాకరణమును దెనిఁగింపు మని తన్ను నియమించె ననియు, ఆ పుస్తకము మతంగనగమునుండి వచ్చు నొక బ్రాహ్మణునిచేఁ దనకు లభించు నని చెప్పె ననియు, ఆ ప్రకారమే యది తనకుఁ జేరె ననియు నతఁడు పీఠికలోఁ దెలిపెను. ఇఁక పుస్తకము మతంగనగమున కెట్లు చేరెను? నన్నయ భారతమును రచించుచున్న దినములలో వేములవాడ భీమకవి రాఘవపాండవీయ మను ద్వ్యర్థికావ్యమును రచించెనఁట. అది వెలువడినచోఁ దన భారతమునకు మన్నన తగ్గు నని నన్నయ దాని నడఁచివేసెనఁట. భీమకవి కోపించి నన్నయ రచించిన చింతామణిని హరించి గోదావరిలోఁ గలిపెనఁట. గ్రంథము నష్టమైనను, రాజరాజనరేంద్రుని కుమారుఁడు సారంగధరుఁడు బాల్యమున దానిని ముఖస్థము చేసి యుండెను. అతఁడు సవతితల్లి చిత్రాంగి మోపిన నిందవలనఁ గాలుసేతులు గోల్పోయి, సిద్ధుల యనుగ్రహమున మరల వానిని బడసి, తానును సిద్ధుఁడై చిరజీవియై మతంగనగమున నుండి, తుదకు బాలసరస్వతి యను పండితునకు చింతామణి నుపదేశించెను. బాలసరస్వతి దానికిఁ దెలుఁగు టీకను వ్రాసెను.

ఈ కథలో మొట్టమొదట గమనింపఁదగినది దాని సౌష్ఠవము. చింతామణి నన్నయకృత మన్నంతనే విమర్శకునకుఁ బుట్టు ప్రశ్నల కెల్ల నిది ముందుగానే సమాధానము చెప్పి యున్నది. నన్నయకుఁ దరువాతి లాక్షణికులు దానిని పేర్కొన రేల యన్నచో, అది గోదావరిలోఁ గలిసె గదా! తాళపత్రప్రతు లేవి యన్నచో, సారంగధరుని నోటనే యుండెను. సారంగధరుఁ డాఱువందల యేండ్లు బ్రదికెనా యన్నచో, అతఁడు సిద్ధుఁడు. ఏ యాక్షేపమునకును జోటు లేని కథ కల్పిత మని శంకించుట న్యాయశాస్త్రము చదివినవానికి సహజము. కాని చింతామణిని జదివిన వారిలో న్యాయశాస్త్రము చదివినవారును నుండిరి. వారును శంకింపలేదు.

నమ్మకమునకు మూల మొక విశేషణము. ఆదిపర్వావతారికలో నన్నయ తన్ను గూర్చి చెప్పుకొన్న విశేషణములలో విపులశబ్దశాసనుఁ డన్న దొకటి. వ్యాకరణమును శబ్దానుశాసన మనుట సంస్కృతవైయాకరణుల వాడుక. పతంజలి మహాభాష్య మా మాటతోనే యారంభ మగును. హేమచంద్రుని వ్యాకరణమునకును, అంతకుఁ బూర్వమున నున్న జైన శాకటాయనుని వ్యాకరణమునకును శబ్దానుశాసన మనియే పేరు. కావున శబ్దశాసనుఁడనఁగా శబ్దశాసనమును రచించినవాఁ డని పండితులు గ్రహించిరి. కాని యా విశేషణపరంపరలోనే నన్నయ తన్ను సంహితాభ్యాసుఁ డనియు, బ్రహ్మాండాదినానాపురాణములు తెలిసినవాఁ డనియుఁ జెప్పుకొనెను. అంతమాత్రమున బ్రహ్మాండపురాణమును నన్నయ రచించె నని యెవ్వఁడు ననలేదు. ఒకే వరుసలో నున్న విశేషణములలో నొకదానికి అభ్యసించుట యనియు, వేఱొకదానికి రచించుట యనియు నర్థము చెప్పుట యే న్యాయముననో తెలియదు. శబ్దశాస్త్రమునఁ బ్రవీణుఁ డని చెప్పుకొన్న కవికిఁ బండితులు శబ్దశాస్త్రమునే కట్టిపెట్టిరి.

నన్నయ పేరు శాసనమునను గలదు. రాజరాజనరేంద్రుఁడు 1053లో నారాయణభట్టునకు నందంపూఁడి గ్రామమును దానము చేసిన తామ్రశాసనమునకుఁ గావ్యకర్త నన్నియభట్టు. అందు నారాయణభట్టు సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచి కాంధ్రభాషలలో సుకవి యని మిక్కిలిగాఁ గొనియాడఁబడినాఁడు. ఆంధ్రభాషకు వ్యాకరణ మున్నట్లు గాని, దాని నిర్మాతయే యీ శాసనకర్త యైనట్లు గాని యందు సూచన లేదు. ఒక దానశాసనమున వ్యాకరణప్రసక్తి యుండి తీరవలె నని కాదు. లేకుండుట యొక లోపమును గాదు. ఉన్న సమకాలసాక్ష్య మిది, యిందుఁ జింతామణి లేదు, అని చెప్పుటకే యీ ప్రస్తావము.

ఇంతకంటెఁ బ్రబలమైన సాక్ష్యము కేతనది. మూలఘటిక కేతన పదుమూఁడవ శతాబ్దివాఁడు. దశకుమారచరిత్రమును దిక్కనసోమయాజి కంకిత మిచ్చినవాఁడు. ఆంధ్రభాషాభూషణ మను పేరఁ దెలుఁగు వ్యాకరణమును దెలుఁగు పద్యములలోఁ జెప్పినవాఁడు. అతఁడు తన గ్రంథారంభమున, తెనుఁగునకు లక్షణ మింతకు మున్నెవ్వరును జెప్పలేదు, నేను జెప్పెదను, అని స్పష్టముగా వ్రాసికొనెను. నన్నయకు రెండు శతాబ్దుల లోపల నున్న లాక్షణికుఁ డొకఁ డిట్లు ప్రతిజ్ఞ చేయఁగా, నాఱు శతాబ్దుల తరువాతి స్వప్నవృత్తాంత మెట్లు నిలుచును? ఆంధ్రభాషాభూషణము గోదావరిలోఁ బడలేదు. దానిని జదివినవారే యప్పకవీయమును జదివిరి. రెండు వాక్యములను బ్రక్కప్రక్కనఁ బెట్టి చూచుట మాత్రము జరుగలేదు.

ఇచ్చట చింతామణిపక్షమువా రొక సమాధానమును జెప్పుదురు. కేతన మాటకు, తెనుఁగున నెవ్వరును జెప్పలే దని యర్థ మనియు, చింతామణి సంస్కృతమున నుండుటచే విరోధము లేదనియు వారి వాదము. శబ్దార్థములతోఁ బరిచయము గలవారికి నీ సమాధాన మొక క్షణము రుచించును. కాని కేతన తిక్కనకుఁ గావ్యము నంకిత మిచ్చిన కవి. తిక్కన నన్నయ విడిచిన భారతమునుఁ బూరించినవాఁడు. తన కావ్యపతికి మార్గదర్శియైన మహాకవి యొక వ్యాకరణమును రచించి యుండఁగా, దాని నొక్కమాటతో నైనను స్మరింపక మొదటివాఁడ నే నని చెప్పుకొనుట కేతనవంటి వినయశీలికిఁ దగునా? అది నష్టమయ్యె నని వినియుండినచో నా వార్తయైనఁ జెప్పి యుండును.

ఒక్క విషయము ప్రతిపక్షమునకును న్యాయము చేయుటకుఁ జెప్పవలెను. చింతామణి సంస్కృతమున నుండుటయే దాని యర్వాచీనతకు గుఱు తని కొంద ఱందురు. ఇది పొరపాటు. దేశభాషకు సంస్కృతసూత్రములతో వ్యాకరణము చెప్పుట కన్నడమునఁ బ్రాచీనాచారము. నాగవర్మ కర్ణాటకభాషాభూషణ మట్లే యున్నది. దాని పేరునకును గేతన పుస్తకము పేరునకును గల సామ్యము చూడఁదగినది. కేశిరాజు పదుమూఁడవ శతాబ్దిలో శబ్దమణిదర్పణమును గన్నడపద్యములతోఁ జెప్పెను. మరల 1604లో భట్టాకలంకదేవుఁడు కర్ణాటకశబ్దానుశాసనమును సంస్కృతసూత్రములతోనే రచించెను. కావున సంస్కృతరచన యే కాలమునకును సాక్ష్యము గాదు. చింతామణి విషయమున సాక్ష్యము దాని భాష కాదు, దానిని గూర్చిన మౌనము.

ఇఁక సారంగధరుని మాట. నన్నయకును బాలసరస్వతికిని నడుమ నున్న యేకైకవ్యక్తి యితఁడే గనుక నితని చరిత్రమును గొంచెము నెమ్మదిగాఁ బరిశీలింపవలయును.

రాజరాజనరేంద్రుఁడు 1022లోఁ బట్టాభిషిక్తుఁడై 1061 ప్రాంతము వఱకు వేఁగిరాజ్యము నేలెను. తండ్రి విమలాదిత్యుఁడు; తల్లి రాజరాజచోళుని కూఁతురు కుందవ. అతని దేవి రాజేంద్రచోళుని కూఁతురు అమ్మంగదేవి. వారి కొమారుఁడు రాజేంద్రుఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కి కులోత్తుంగచోళుఁడను పేర నించుమించుగా నేఁబది యేండ్లు రాజ్యము చేసెను. అనఁగా రాజరాజు కొమారుఁడు కాలుసేతులు గోల్పోయి కొండ కెక్కలేదు; ఉభయరాజ్యముల నేలెను. చాళుక్యుల తామ్రశాసనములలో వంశానుక్రమ మెంత విపులముగా నుండునో చదివినవా రెఱుఁగుదురు. వానిలో సారంగధరుఁడును లేఁడు, చిత్రాంగియు లేదు.

మఱి సారంగధరుఁ డెక్కడివాఁడు? పదునేనవ శతాబ్దివాఁడైన గౌరన నవనాథచరిత్ర మను ద్విపదకావ్యమున నీ కథను జెప్పెను. అందు సారంగధరుని తండ్రి మాళవదేశపు రాజు, పేరు రాజమహేంద్రుఁడు. కాలుసేతులు తెగిన యా కుమారుఁడు మత్స్యేంద్రనాథుని కృపచే సిద్ధుఁడై చౌరంగి యను పేరఁ బ్రసిద్ధుఁ డయ్యెను. నాథసంప్రదాయపు సిద్ధుల వరుసలోఁ జౌరంగి పేరు దేశ మంతట వినవచ్చును. పంజాబుదేశమున నితఁడే పూరణభక్తుఁడు. అక్కడ సవతితల్లి పేరు లూణ, రక్షించినవాఁడు గోరఖనాథుఁడు, ఊరు స్యాలకోట. సవతితల్లి కామించి, నిరాకరింపఁగా నింద మోపి యంగభంగము చేయించుట యశోకుని కుమారుఁడు కుణాలుని కథలోను గలదు. ఈ కథ యే యూరికిఁ బోయిన నాయూరి రాజును దండ్రిగాఁ జేసికొని నిలుచును.

తెలుఁగుదేశమున దానికి నిలువఁ జోటు దొరకుటకు నొక పేరే చాలినది. మాళవరాజు రాజమహేంద్రుఁడు, గోదావరీతీరమున రాజమహేంద్రవర మున్నది. నిజమునకు రాజమహేంద్ర యనునది తూర్పుచాళుక్యులలో నమ్మరాజు బిరుదము. కాని జనులకు రాజమహేంద్రవర మనఁగా రాజరాజనరేంద్రుని నగరము. రాజమహేంద్రుని కొడుకు రాజమహేంద్రవరపు రాజు కొడుకు కావలె గదా! తంజాపుర రఘునాథనాయకుని కాలమునఁ జేమకూర వేంకటకవి సారంగధరచరిత్రమును రచించునప్పటికిఁ గథ రాజరాజు నింటిలోఁ గుదురుకొని యుండెను. అప్పకవి దానిని గైకొని వ్యాకరణమునకు వాహనము చేసెను. ధర్మవరము కృష్ణమాచార్యులవారి విషాదసారంగధర నాటకము చూచి ప్రేక్షకులు కన్నీరు పెట్టుకొనిరి. 1957లోఁ జలనచ్చిత్రమును వచ్చినది. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట యని యొక స్థలమును, జిత్రాంగి మేడ యని యొక స్థలమును జూపుట యలవాటైనది. స్థలము కంటి కెదుట నున్నప్పుడు కథ నబద్ధ మనుట కష్టము. ఎంతో ధర్మబుద్ధి గల రాజునకుఁ గన్నకొడుకు కాలుసేతులు నఱికించిన పాపము నంటఁగట్టితి మన్న యాలోచన మాత్ర మెవ్వరికిని రాలేదు.

భీమకవి పాలును గొంచెము చెప్పవలెను. అతని రాఘవపాండవీయము నెవ్వరును జూడలేదు. పదునాఱవ శతాబ్దిలోఁ బింగళి సూరన తన రాఘవపాండవీయమున, భీమన యట్టి కావ్యమును దొల్లి రచించె నని పెద్దల మాటయే గాని యది యెక్కడను గానరా దని చెప్పెను. సూరన కది లోకవార్త మాత్రమే. నూఱేండ్లకు లోకవార్త కలహకథ యైనది. కనఁబడని కావ్యమునకుఁ గారణముగా నన్నయ యసూయయు, కనఁబడని వ్యాకరణమునకుఁ గారణముగా భీమన కోపమును గల్పితము లయ్యెను. రెండు లేని పుస్తకములు కలిసి యొక కథను గన్నవి. భారతరచనయందు సాయపడిన మిత్రుఁ డని నారాయణభట్టును సభాముఖమునఁ బ్రస్తుతించిన నన్నయకు నీ కథ పరకావ్యద్వేషము నంటించినది. ఇది యొక వ్యాకరణమునకు వెల యన్నచో మిక్కిలి యధికము.

ఇట్టి కథను వైయాకరణులు సులభముగా నమ్ముటకు వేఱొక కారణము గలదు. అది వారి కంతకు మున్నే పరిచితమైన కథ. కథాసరిత్సాగరమునఁ బాణిని శివుని వరమున వ్యాకరణము బడయఁగా నంతవఱకు నున్న యైంద్రవ్యాకరణము నశించెను. అందే శాతవాహనుని వృత్తాంతము గలదు. జలక్రీడలో నొక దేవి, నీళ్ళతోఁ గొట్టకు మను నర్థమున సంధి చేసి పలికిన మాటను, ఉండ్రములతోఁ గొట్టు మని గ్రహించి యా రాజు మోదకములను దెప్పించి నవ్వులపా లయ్యెను. ఆ సిగ్గున వ్యాకరణము నేర్వఁగోరఁగా శర్వవర్మ కుమారస్వామి ననుగ్రహింపఁ జేసికొని కాతంత్రమును సంపాదించి యాఱు మాసములలో నేర్పెను. శాస్త్ర మొకటి దైవానుగ్రహమున లభించుట వైయాకరణులకు వింత గాదు.

మహాభాష్యము మాట యింకను సన్నిహితము. భర్తృహరి వాక్యపదీయపు రెండవ కాండము తుదిని, మహాభాష్యసంప్రదాయము శిష్యులనుండి భ్రష్టమై దాక్షిణాత్యులలోఁ బుస్తకమాత్రముగా మిగిలె ననియు, చంద్రాచార్యాదులు పర్వతమునుండి యాగమమును సంపాదించి మరల విస్తరింపఁ జేసి రనియుఁ జెప్పెను. ఆ పర్వతము త్రిలింగదేశమునఁ ద్రికూటప్రాంతమున నున్న దనియు, నొక బ్రహ్మరక్షస్సు దానిని దెచ్చి యిచ్చె ననియు వ్యాఖ్యాత వ్రాసెను. పండితులు దీనిని బెంచి, బ్రహ్మరక్షస్సు చెట్టుమీఁదనుండి చెప్పుచుండఁగాఁ జంద్రుఁ డాకులమీఁద వ్రాసికొనె ననియు, ఆ యాకులలోఁ గొన్నిటిని మేఁక తినివేసె ననియుఁ జెప్పుకొనిరి. మహాభాష్యమున నర్థము తెలియని చోటు వచ్చినప్పుడు మేఁక తిన్న దని నవ్వుట పాఠశాలలలో నుండినదే.

ఈ రెండు కథలను బ్రక్కన నుంచి చూచినచో నప్పకవి వృత్తాంతము పోలిక తెలియును. బ్రహ్మరక్షస్సునకు మాఱు సిద్ధుఁడు. త్రికూటమునకు మాఱు మతంగనగము. చంద్రాచార్యునకు మాఱు బాలసరస్వతి. మేఁకకు మాఱు గోదావరి. తెలుఁగు వ్యాకరణమునకు మహాభాష్యమునకుఁ గల గౌరవము రావలె నన్నచో దానికిఁ బోయి దొరకిన చరిత్ర కావలెను. అప్పకవి యబద్ధ మాడె నని దీని యర్థము కాదు. అతఁడు విన్న కథయే యా మూసలోఁ బోసి యుండవచ్చును. అతనికి స్వప్నము వచ్చియే యుండవచ్చును. శ్రోతలైన పండితుల చెవి కది తెలిసిన రాగమువలె వినఁబడె ననుటయే యిక్కడి మాట.

దొరలును దీనిని బండితుల నోటనే వినిరి. 1816లో కాంబెల్‌దొర తన తెలుఁగు వ్యాకరణమును జెన్నపట్టణమునఁ బ్రకటించెను. ఆనాఁ డున్న తెలుఁగు వ్యాకరణము లన్నియు నన్నయభట్టు సంస్కృతసూత్రములకు వ్యాఖ్యలే యని యతఁ డుపోద్ఘాతమున వ్రాసెను. చిత్ర మేమనఁగా, నా పుస్తకమునకే యెల్లిస్‌దొర వ్రాసి చేర్చిన ప్రస్తావనలోఁ దెలుఁగు సంస్కృతజన్య మను వేఱొక చిరకాలవిశ్వాసము ఖండింపఁబడినది. మామిడి వెంకయ్య యాంధ్రదీపికను, పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను ఆధారము చేసికొని, తెలుఁగు తమిళ కన్నడముల ధాతువు లొక్క కుటుంబమువి యని యెల్లిస్ నిరూపించెను. సంస్కృతప్రాకృతములు ప్రకృతు లనియుఁ దెలుఁగు వానికి వికృతి యనియుఁ జెప్పునది చింతామణియే. అట్లు ఒక్క సంపుటమున నొక వైపు చింతామణి సిద్ధాంతము కూలినది. ఇంకొక వైపు చింతామణి కర్తృత్వ మచ్చుకెక్కి స్థిరపడినది.

కర్తృత్వ మెవరిదైన నేమి, సూత్రము మంచిదైనఁ జాలదా యని కొంద ఱనవచ్చును. వ్యాకరణము లక్ష్యమును బట్టి పుట్టవలె నన్నది పతంజలి మొదలు సర్వసమ్మతము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁ డని యాయనయే చెప్పెను. తెలుఁగున మాత్ర మొక పేరు బలమున లక్షణము లక్ష్యముపై నెక్కి కూర్చున్నది. అప్పకవి తన గ్రంథమును నన్నయసూత్రముల తెనుఁగుగా లోకమున కిచ్చెను. అతఁడు సాధురేఫమునకును బండి ఱకును మైత్రి కూర్చె నన్న హేతువున బమ్మెర పోతన భాగవతమును లక్ష్యకోటిలోఁ జేర్పలేదు. తెలుఁగునాఁట నింటింటఁ జదువఁబడు కావ్య మది! పదునెనిమిదవ శతాబ్దిలోఁ గూచిమంచి తిమ్మకవి పోతన పక్షమున వాదింపవలసి వచ్చెను. లాక్షణికుఁ డొకఁడు చెప్పిన మాటయే యైనచోఁ గవులు వాదించి యుందురు. చెప్పినది నన్నయ యన్నప్పుడు పోతన యనుయాయులకును నోరాడలేదు.

అంతతో నిలువలేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. చింతామణి సరణి నాధారము చేసికొనియుఁ దన బుద్ధిబలమునఁ దానికి మించిన క్రమమును గూర్చిన యుత్తమగ్రంథ మది. అయినను, దాని వెనుక నన్నయ, నన్నయ వెనుక భారతము నున్న వన్న నమ్మకము దాని సూత్రములకు శ్రుతిప్రామాణ్యమును దెచ్చిపెట్టినది. ప్రాఁతకావ్యములను అచ్చొత్తించిన పండితులు తాళపత్రములలో సూత్రవిరుద్ధమైన రూపము కనఁబడినప్పుడు, లేఖకప్రమాద మని దానిని దిద్దిరి. గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) ఇట్టి దిద్దుబాటుల నెన్నిటినో లక్ష్యములతోఁ జూపెను. ఆయన భాషావిషయకమైన తక్కిన యభిప్రాయములతో నేకీభవింపనివారును ఈ యొక్క యంశమున నాయన చెప్పినది కాదనలేక పోయిరి. దీని ఫలము మిక్కిలి విచిత్రము. నన్నయది కాని సూత్రముతో నన్నయ కాలపుఁ గవుల ప్రయోగములు దిద్దఁబడినవి. అట్లు దిద్దఁబడిన గ్రంథమునుండి మరల సూత్రమునకు లక్ష్యములు చూపఁబడినవి.

సందేహమును బహిరంగముగాఁ జెప్పినవారిలోఁ గందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919) ముఖ్యుఁడు. ఆంధ్రకవుల చరిత్రమున నాయన చింతామణి నన్నయకృతము గాదని వాదించెను. సారంగధరుఁడు రాజరాజు కొడు కన్న మాటను సైతము తిరస్కరించెను. పెద్దపండితులు వెంటనే యొప్పుకొనలేదు. కొందఱు నన్నయపక్షమునే నిలిచి వ్యాసములు వ్రాసిరి. వారి వాదములలో విద్వత్తు తక్కువ కాదు. కేతన పద్యమునకు వారు చెప్పిన యన్వయములలోఁ గొన్ని చదువుటకు సొంపుగా నుండును. చిన్ననాఁడు గురుముఖమున నన్నయసూత్ర మని వల్లించిన యార్యను, ముదిమిలో నెవ్వరిదో యని తలఁచుట మాటలు గాదు. గ్రంథగౌరవముకంటె గురుభక్తియే యక్కడ నడ్డము వచ్చినది.

నన్నయ పేరు తొలఁగినంతమాత్రమునఁ జింతామణి యల్పగ్రంథ మగు నని యెవ్వరును భయపడ నక్కఱ లేదు. ఎనుబది యార్యలలోఁ దెలుఁగు శబ్దస్వరూపము నంత బిగువుగా నిమిడ్చినవాఁడు సామాన్యుఁడు గాఁడు. బాలసరస్వతి తెలుఁగు టీకయు, అహోబలపండితుని సంస్కృతవ్యాఖ్య కవిశిరోభూషణమును దాని యోగ్యతకే వెలసినవి. పరిశిష్ట మని చెప్పఁబడు నథర్వణకారికావళి దాని నీడలోనే పెరిగినది.

ఆ టీకాకర్త యెలకూచి బాలసరస్వతిని గూర్చి యొక్క విషయము మిగిలి యున్నది. మతంగనగమున సిద్ధునివలనఁ జింతామణిని బడసినాఁ డని కథ చెప్పినది ఇతనినే. భర్తృహరి సుభాషితములను సురభి మల్లభూపాలుని పేర నాంధ్రీకరించిన యీ పండితుఁడు మఱియొక కావ్యమును రచించెను. రాముని కథ, కృష్ణుని కథ, పాండవుల కథ యను మూఁటిని నొక్క పద్యమునఁ జెప్పు నా త్ర్యర్థికావ్యము పేరు రాఘవయాదవపాండవీయము. చింతామణి గోదావరిలోఁ బడుటకుఁ గారణము రాఘవపాండవీయ మను ద్వ్యర్థికావ్యమే యని కథ.